ఇంజన్ల మనిషి జి.డి. నాయుడు గారు

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు రైతుకు కోయంబత్తూరు పేరు కొత్త కాదు. బోరుబావిలో దించే మోటారు కొనబోతే షాపువాడు ముందు చూపించేది కోయంబత్తూరు సరుకే. ఆ ఊరు మోటార్ల ఊరు కావడానికి మొదటి కారకుల్లో ఒకరు తెలుగు ఇంటి బిడ్డ అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంఘం వారు కోరారు. కవులను గురించి, దేశ నాయకులను గురించి వ్రాయగల మిత్రులు మన సంఘంలో తగినంత మంది ఉన్నారు గనుక నేను ఒక ఇంజన్ల మనిషిని ఎంచుకున్నాను. ఆయన కీ.శే. గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు. లోకం పిలిచింది జి.డి. నాయుడు అని.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కొన్ని వందల ఏండ్ల క్రితం దక్షిణాదికి వెళ్ళి అక్కడి నల్లరేగడి నేలలు దున్నుకుని స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వారిదీ అటువంటి వ్యవసాయ కుటుంబమే. బడి చదువు ఆయనకు వంటబట్టలేదు. పంతులు మీద ఇసుక చల్లి పారిపోయిన పిల్లవాడని ఆయన కథ చెప్పేవారంతా చెబుతారు. మూడో తరగతి దగ్గరే ఆ ముచ్చట ముగిసింది. తర్వాత తనంతట తానే పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిలు. ఆ పల్లెకు పని మీద వచ్చిన ఒక తెల్ల రెవిన్యూ అధికారి రడ్జ్ కంపెనీ బండి మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తానంతట తాను పోతోంది. కుర్రవాని కన్ను దాని మీద పడింది. రెవిన్యూ శాఖ వల్ల దేశానికి జరిగిన మేళ్ళలో దీనినీ ఒకటిగా మనవాళ్ళు జమ కట్టుకోవచ్చు. నాయుడు గారు ఇల్లు విడిచి కోయంబత్తూరు పట్నం చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరి, రూపాయి రూపాయి కూడబెట్టారు. అలా మూడేండ్లు. సుమారు మూడు వందల రూపాయలు చేతిలో పడ్డాక ఆ బండినే కొన్నారు. ఆ రోజుల్లో మూడు వందలంటే ఎంత పెద్ద మొత్తమో, నాలుగణాలకు లెక్క వ్రాసిన మన తరం వారికి చెప్పనక్కరలేదు.

కొన్న తర్వాత ఆయన చేసిన పని ఊరంతా తిరగడం కాదు. బండిని విప్పడం. విప్పి, ముక్కలన్నీ పరచుకుని, మళ్ళీ బిగించడం. మళ్ళీ విప్పడం. గురువు లేడు. ఏ ముక్క ఎందుకుందో ఇంజనే చెప్పాలి. ఇలాగే ఆయన మెకానిక్కు అయ్యారు.

ఇక్కడ మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి. ఇంజను విప్పినవాడికి లోపల కనబడేదేమిటో తెలియకపోతే నాయుడు గారి తర్వాతి జీవితం అర్థం కాదు.

ఇంజనుకు గుండెకాయ సిలిండరు. దానిలో పిస్టను నిమిషానికి వందల, వేల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను చుట్టూ రింగులుంటాయి. అవి గోడను ఒత్తుకుని గ్యాసును కిందికి పోనివ్వవు, నూనెను పైకి రానివ్వవు. ఏండ్ల తరబడి ఈ రాపిడి జరిగితే ఇనుము కూడా అరుగుతుంది. అది అన్ని చోట్లా సమంగా అరిగితే అంత చిక్కు లేదు. అలా అరగదు. పైభాగాన, మంట పుట్టే చోట, వేడి ఎక్కువ, నూనె తక్కువ. అక్కడ అరుగుదల ఎక్కువ. కిందికి పోను పోను తక్కువ. అలాగే కనెక్టింగు రాడ్డు పిస్టనును పక్కకు నెట్టే దిక్కున ఎక్కువ, దానికి అడ్డంగా ఉన్న దిక్కున తక్కువ. అందువల్ల గుండ్రంగా ఉండవలసిన బోరు కోడిగుడ్డు వాటం అవుతుంది, నిలువునా గరాటు వాటం అవుతుంది. రింగులు చేరని పై అంచు మాత్రం అరగక చిన్న గట్టులా మిగిలిపోతుంది. అప్పుడు ఇంజను నీలం పొగ వదులుతుంది, నూనె తాగుతుంది, ఎత్తు ఎక్కలేదు. మన దగ్గర మిస్త్రీలు ఇంజను బోరుకొచ్చిందని చెప్పేది దీనినే.

1970లలో ఎల్లారెడ్డి తాలూకాలోని మా పొలంలో నీళ్ళు తోడడానికీ, చెరుకు గానుగ ఆడించడానికీ ఒకటే ఆయిలింజను ఉండేది. అది బోరుకొస్తే బండి మీద బస్సు రోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి లారీలో కామారెడ్డి చేర్చేవాళ్ళం. కామారెడ్డి నాగపూరు రోడ్డు మీది ఊరు. ఉత్తరాది లారీలన్నీ ఆ దారినే పోయేవి. బెల్లం మండీకి వచ్చే బండ్లు వేరు. కనుక లేతు షాపులకు పని కొదవ లేదు. రీబోరింగు ఎలా చేస్తారో నేను బల్ల మీద కూర్చుని పూటంతా చూసినవాణ్ణి.

మిస్త్రీ ముందు కొలత తీస్తాడు. బోరు గేజి లోపలికి దించి పైన, నడుమ, కింద, రెండేసి దిక్కుల చూస్తాడు. కొలత అంగుళంలో వెయ్యో వంతు. దాన్ని థౌ అంటారు. మనిషి తల వెంట్రుక రెండు మూడు థౌలు ఉంటుంది. అరుగుదల పది పన్నెండు థౌలు దాటితే రింగులు మార్చి లాభం లేదు, బోరు కొట్టవలసిందే. ఇక్కడ ఒక కీలకం ఉంది. బోరింగు బారును సిలిండరు మధ్యకు నిలపడానికి అరిగిన పైభాగాన్ని నమ్మకూడదు. అది ఒక పక్కకు తిని ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుంటే కొత్త రంధ్రం కూడా ఆ పక్కకే ఒరుగుతుంది, పిస్టను జీవితాంతం వంకరగా నడుస్తుంది. అందుకని రింగులు తగలని అడుగు భాగం చూసి మధ్య పట్టాలి. ఆ తర్వాత కత్తి తిరుగుతూ నెమ్మదిగా దిగుతుంది. ఇరవై, ముప్పై, నలభై థౌలు పెద్దవైన పిస్టన్లు బజారులో దొరుకుతాయి. మంచి మిస్త్రీ పిస్టను చేతికి వచ్చి, దాన్ని కొలిచేదాకా చివరి కోత పెట్టడు. చివరి రెండు మూడు థౌలు కత్తికి వదలకుండా హోనింగు రాళ్ళతో తీస్తాడు. ఆ రాళ్ళు గోడ మీద వల వేసినట్టు అడ్డగీతలు పెడతాయి. ఆ గీతల్లో నూనె నిలుస్తుంది. అద్దంలా నునుపు చేస్తే నూనె నిలవదు, ఇంజను పట్టేస్తుంది. అంతా అయ్యాక సబ్బునీళ్ళతో కడిగి గుడ్డతో తుడవాలి, గుడ్డకు నలుపు అంటనిదాకా. హోనింగు ధూళి లోపల మిగిలితే కొత్త రింగులను అదే తినేస్తుంది. అన్ని సైజులూ అయిపోయి ఇక కోయడానికి ఇనుము లేకపోతే లోపల స్లీవు దింపి మళ్ళీ మొదటి సైజుకు తెస్తారు. చచ్చిందనుకున్న ఇంజను మరో పదేండ్లు బతుకుతుంది.

ఈ విద్య ఎంత ముఖ్యమో ఇంగ్లీషు దేశపు చరిత్ర చెబుతుంది. జేమ్స్ వాట్ గారు ఆవిరి యంత్రానికి కొత్త పద్ధతి 1765లోనే ఆలోచించారు, 1769లో పేటెంటు పొందారు. కాని యంత్రం ఏండ్ల తరబడి పనికి రాలేదు. కారణం ఆలోచనలో లేదు, సిలిండరులో ఉంది. గుండ్రటి సిలిండరు చేసి ఇచ్చేవాడు లేడు. సందుల్లోంచి ఆవిరి పోతుంటే గుడ్డలూ, కాగితాలూ కుక్కి చూశారు. ఫిరంగులకు రంధ్రం తొలిచే జాన్ విల్కిన్‌సన్ అనే ఇనుము వ్యాపారి 1775లో రెండు చివరలా ఆనుకుని తిరిగే బోరింగు బారుతో సిలిండరు తొలిచి ఇచ్చాడు. మరుసటి ఏటికే వాట్ గారి యంత్రాలు గనుల్లో పని మొదలుపెట్టాయి. యాభై అంగుళాల సిలిండరులో తేడా ఒక పాత షిల్లింగు నాణెం మందం కూడా లేదని వాట్ గారి భాగస్వామి బోల్టన్ ఆశ్చర్యపోయి వ్రాసుకున్నాడు. ఆ మాత్రపు తేడా ఉంటే ఈనాడు కామారెడ్డిలో ఏ రైతూ డబ్బివ్వడు. బడి పుస్తకాల్లో కెటిలు మూత కథ ఉంటుంది గాని విల్కిన్‌సన్ పేరుండదు.

తిరిగి నాయుడు గారి దగ్గరకు వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన పత్తి వ్యాపారంలో దిగి బాగా సంపాదించారు. ఆ సంపాదన బొంబాయి పత్తి బజారులో పోయింది కూడా. ఆయన మళ్ళీ ఇంజను దగ్గరకే వచ్చారు. కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న స్టేన్స్ దొర ఆసరా ఇచ్చాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. డ్రైవరు ఆయనే, మెకానిక్కు ఆయనే. కొన్నేండ్లలో అది యూనివర్సల్ మోటారు సర్వీసు అయింది. యు.ఎం.ఎస్. అంటే కోయంబత్తూరు జిల్లాలో తెలియనివారు లేరు. 1930లలో దేశంలోనే బాగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటని పేరు పొందింది.

పోల్చి చూడడానికి మన సంగతి చెబుతాను. హైదరాబాదు సంస్థానంలో నిజాం రైల్వే వారు రోడ్డు రవాణా విభాగం ప్రారంభించింది 1932లో. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. దాని వెనుక ఒక రైల్వే ఉంది, ఒక సర్కారు ఉంది. నాయుడు గారి వెనుక మూడో తరగతి చదువు, ఒక మోటారు సైకిలు ఉన్నాయి.

బస్సుల యజమాని లాభనష్టాలు టిక్కెట్లలో ఉంటాయని మనం అనుకుంటాం. నిజానికి సగం బోరులో ఉంటాయి. ఆనాటి రోడ్లు కంకర, మట్టి రోడ్లు. ముందు పోయే బండి లేపిన దుమ్ము వెనుక బండి ఇంజను పీలుస్తుంది. దుమ్మంటే మెత్తటి ఇసుకే. సిలిండరుకు అది ఆకురాయి. ఇంజన్లన్నీ ఓడల మీద సీమ నుంచి, అమెరికా నుంచి వచ్చేవి. ఒక బ్లాకు పోతే కొత్తది రావడానికి నెలలు. ఆ నెలలన్నీ బస్సు షెడ్డులోనే. అరిగినదాన్ని ఇక్కడే కొలిచి, ఇక్కడే కోసి, ఇక్కడే బిగించగలిగిన వాడి బస్సే రోడ్డు మీద ఉంటుంది. ఇంజను విప్పగల యజమానికీ, ఇతరులు చెప్పింది వినవలసిన యజమానికీ తేడా అక్కడ. అరువు తెచ్చుకున్న ఒక్క బస్సుతో మొదలైన మనిషి అంత పైకి రావడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. అదృష్టం అనేవారు అనవచ్చు.

బస్సుల నుంచి ఆయన మోటార్లకు వచ్చారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన మొదటి మోటారుగా దీనిని చెప్పుకుంటారు. బాలసుందరం గారు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ స్థాపించి తమ పేరు తాము నిలబెట్టుకున్నారు. మోటారులో పిస్టను లేదు, మంట లేదు. అయినా పని అదే జాతి పని. బయటి స్టేటరు లోపల గుండ్రంగా బోరు తీయాలి; దానిలో రోటరు వెంట్రుకంత సందుతో, గోడకు తగలకుండా, సరిగ్గా మధ్యన తిరగాలి. మధ్య తప్పితే రోటరు గోడకు రాసుకుంటుంది, చుట్టలు కాలిపోతాయి. థౌలలో కొలిచి కోయగల చేతులున్న ఊరికి మోటారు చేయడం చేతనవుతుంది. ఆ తర్వాత అక్కడ పంపులూ, మోటార్లూ చేసే షెడ్లు వందలుగా వెలిశాయి. మన పొలాలకు వచ్చిన సరుకు ఆ సంతానమే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇచ్చారు. అంతకు ఎన్నో ఏండ్ల ముందే మా ఆయిలింజను మూలకు చేరింది. కామారెడ్డిలో రీబోరింగుకు వచ్చే సిలిండర్లు తగ్గి, చుట్టలు కట్టించుకునే మోటార్లు పెరిగాయి.

నాయుడు గారి ఇతర కల్పనలు చాలా ఉన్నాయి. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే రేజరు, పలుచటి బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిను మీద తిరిగే పంకా, ఓట్లు నమోదు చేసే యంత్రం. రేజరు జర్మనీలో తయారై అమ్ముడుపోయింది. ఫోటోలు, సినిమాలు తీయడం ఆయనకు మహా సరదా. 1936లో లండనులో అయిదో జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాతో తీశారు. వ్యవసాయంలోనూ చేయి పెట్టి పత్తి, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. భారతదేశపు ఎడిసన్ అనే బిరుదు ఇలా వచ్చింది. నాకు ఈ జాబితా కన్నా ఆయన పెట్టిన బడి పెద్దదిగా కనిపిస్తుంది.

1945లో నాయుడు గారి పూనికతో, విరాళంతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. మూడో తరగతి మనిషి కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ఇక పేచీ మొదలైంది. నాలుగేండ్ల చదువు అనవసరమని, సగం కాలంలో అదే విద్య చేతికి వస్తుందని, మిగతా కాలం కుర్రవాళ్ళ బతుకులో వృథా అని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. కళాశాల సర్కారు చేతికి పోయి ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. ఆయన మాత్రం కొద్ది కాలపు శిక్షణలు తన పద్ధతిలో నడుపుకున్నారు.

ఈ తగవులో ఎవరిది న్యాయం? నేను ముప్పై అయిదేండ్లు ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి. సర్టిఫికెట్టు నకలు జతపరచలేదని ఎన్ని దరఖాస్తులు వెనక్కు పంపామో లెక్క లేదు. నిబంధన అది. వంతెన కట్టేవాడికి, ఆనకట్ట కట్టేవాడికి నాలుగేండ్ల లెక్కలు అవసరమే. మన నిజాంసాగరు గట్టు కింద నిలబడి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అంతవరకు నాయుడు గారు తొందరపడ్డారనే అనుకుంటాను. కాని బోరింగు బారు నిలిపే కుర్రవాని విషయంలో ఆయనే సరి. మా ఇంజను బోరు కొట్టిన మిస్త్రీ ఏడో ఏట షాపులో చేరి, పానాలు తుడిచి, పదేండ్లకు గేజి చేతికి అందుకున్నవాడు. ఒక నెలలో చెప్పగలిగింది చెప్పడానికి గురువుకు తీరిక లేక, ఇతనికి అడిగే ధైర్యం లేక, చూసి చూసి నేర్చుకున్నాడు. ఐ.టి.ఐ. గడప ఎక్కలేదు గనుక ఏ సర్కారు కాగితం ప్రకారమూ అతనికి పని రాదు. వేలు పెట్టి తడిమి రెండు థౌల తేడా చెప్పేవాడు. అటువంటివారికి ఆరు నెలల బడి, చేతిలో ఒక కాగితం ఉంటే ఎలా ఉండేదో, నాయుడు గారు అదే అడిగారు. అడిగినప్పుడు ఇవ్వలేదు.

ఆయన కోపం కూడా చెప్పాలి, లేకుంటే కథ సగమే. 1952లో రెండు వేల రూపాయలకు అమ్మగల ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారు చేశారు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అంతకు ముందు చవక రేడియోల విషయంలోనూ ఆటంకాలే. పన్నుల భారం వేరు. 1950ల మొదట్లో ఆయన నిరసనగా సభ పెట్టి, తన చేతి రేడియోలను, గడియారాలను అందరి ముందూ పగలగొట్టారు. ఆ పని చాలామందికి నచ్చలేదు. నాకూ ఆ పని నచ్చదు. అరిగిన ఇనుమును కూడా పారేయకుండా బాగుచేసే విద్య నేర్చిన మనిషి, కొత్త వస్తువులను సుత్తితో కొట్టడమేమిటి? లైసెన్సు ఇవ్వని కాగితం మీద సంతకం పెట్టిన గుమాస్తా ఎవరో గాని, అతని మీద కోపం రేడియోల మీద చూపారు. ఆ కుర్చీలో నేనున్నా నిబంధన ప్రకారమే వ్రాసి ఉండేవాణ్ణి, అది వేరే సంగతి.

1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. ఎనభై ఏండ్లు నిండిన జీవితం. కుమారుడు జి.డి. గోపాల్ గారు తండ్రి సంస్థలను కొనసాగించారు. కోయంబత్తూరులో ఆ పాత కళాశాల ఉన్న చోటును బస్సు కండక్టర్లు ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు. అవినాశి రోడ్డు మీద నాయుడు గారు చేసిన వస్తువుల ప్రదర్శనశాల ఉంది. 2015లో పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. అదే రోడ్డు మీద 2025 అక్టోబరులో ప్రారంభమైన పది కిలోమీటర్ల ఫ్లైఓవరుకు ఆయన పేరే పెట్టారు. పిల్లల దగ్గరకో, ఆస్పత్రి పనికో కోయంబత్తూరు పోయే మన సభ్యులు ఒక పూట కేటాయించుకుని ఆ ప్రదర్శనశాల చూసి రావాలని కోరుతున్నాను. అక్కడ కావలివాళ్ళతో తెలుగులో మాట్లాడి చూడండి, చాలామంది జవాబు చెబుతారు.